కాలనీ పెరిగింది, బస్సు పెరగలేదు: ఎవరైనా సాధించినవారు ఉంటే దారి చెప్పండి

ఉత్తరంగాలి

మేము నగరం అంచున కొత్తగా వెలసిన కాలనీలోకి వచ్చి రెండేళ్ళు దాటింది. వచ్చిన కొత్తలో 40 ఇళ్ళుండేవి, ఇప్పుడు 600 దాటాయి, ఇంకా మూడు చోట్ల పునాదులు తవ్వుతున్నారు. ఇళ్ళు ఇంతగా పెరిగినా బస్సు మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. కాలనీ లోపలికి రోజుకు ఆరు ట్రిప్పులే వస్తాయి. ఉదయం 7:10 బస్సు తప్పితే మళ్ళీ 9:40కి గాని లేదు, సాయంత్రం చివరి బస్సు 7:30కి వెళ్ళిపోతుంది. పెద్ద రోడ్డు మీద బస్సులకు కొదవ లేదు గాని, అక్కడి నుంచి మా వీధికి 1.8 కిలోమీటర్లు నడవాలి, అందులో సగం దూరం వీధి దీపాలు లేవు.

మా స్టాపంటే ఒక ఇనుప స్తంభం, అంతే. దాని మీది అక్షరాలు వెలిసిపోయాయి, ఎవరో ఇంటర్నెట్ తీగలు చుట్టచుట్టి దానికే వేలాడదీశారు. పక్కన ఇల్లు కట్టుకున్నవారు మిగిలిపోయిన రాతి పలకను ఇటుకల మీద పెడితే అదే మాకు బెంచీ అయింది. మొన్న వానలో మా అమ్మ ఆ పలక మీద గొడుగు పట్టుకుని 50 నిమిషాలు కూర్చుంది. బస్సు రాలేదు, ఎందుకు రాలేదో చెప్పేవారు కూడా లేరు.

ట్రిప్పులు పెంచమని అర్జీ పెడితే, ఉన్న బస్సుల్లోనే జనం ఎక్కడం లేదు కాబట్టి పెంచడం కుదరదన్నారు. రెండున్నర గంటలకొక బస్సును నమ్ముకుని ఎవరు ఎక్కుతారు? మీలో ఎవరైనా ఇలాంటి చోట బస్సు సంపాదించుకున్నవారు ఉంటే, ఏం చేశారో, ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.

నడకదారి

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్లుంది మీరు అందుకున్న జవాబు. మాకూ మూడేళ్ళ క్రితం అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పారు.

మూడోఅంతస్తు

కాస్త కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. ఇల్లు కొనే ముందే బస్సు సంగతి చూసుకోవలసింది. ధర తక్కువగా ఉందని ఊరి చివర కొనుక్కుని, తరువాత అందరి పన్నులతో నడిచే బస్సు మా గుమ్మం దాకా రావాలని కోరడం ఎంతవరకు న్యాయం?

ఉత్తరంగాలి

మూడోఅంతస్తు గారూ, చూసుకోకుండా రాలేదండి. అమ్మినవారి కరపత్రంలో "బస్సు సౌకర్యం కలదు" అని ఉంది, అది అబద్ధం కూడా కాదు. రోజుకెన్ని ట్రిప్పులో, ఆఖరిది ఎన్నింటికో అందులో లేదు, మాకు అడగాలని తోచలేదు. స్థలం చూడటానికి అమ్మేవారి కారులో ఒక ఆదివారం ఉదయం వచ్చాము. ఇప్పుడు కొనబోయేవారికి నేను చెప్పే మాట ఒక్కటే: పనిరోజు సాయంత్రం, మీరు ఉద్యోగం చేసే చోటు నుంచి బస్సులోనే ఆ స్థలానికి ఒకసారి వెళ్ళి చూడండి.

సాయంత్రపుషిఫ్టు

అంచున కొన్నవారిలో చాలామందికి నడిబొడ్డున కొనే స్తోమత లేకనే అక్కడ కొన్నారు. అద్దెకుండేవారికైతే ఆ మాత్రం ఎంపిక కూడా ఉండదు. ఆ ఇళ్ళల్లో పనికి వచ్చేవారు, కాపలా కాసేవారు, పిల్లలకు చదువు చెప్పేవారు స్థలం ఎంచుకుని రాలేదు గదా, వారికీ బస్సే దిక్కు.

పాతడిపో

నేను బస్సు డిపోలో షెడ్యూళ్ళు వేసే పని చాలాకాలం చేసి రిటైరైనవాణ్ణి. రెండు వైపుల సంగతీ తెలుసు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

డిపోలో ఎవరూ "ఈ కాలనీకి ఎన్ని ట్రిప్పులు ఇద్దాం" అని లెక్క మొదలుపెట్టరు. "ఈ రూటుకు ఎన్ని బళ్ళు పడతాయి" అనే మొదలవుతుంది. ఒక బస్సు బయల్దేరి చివరి దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, కొంచెం ఆగి మళ్ళీ బయల్దేరడానికి పట్టే మొత్తం సమయాన్ని, రెండు బస్సుల మధ్య మీరు కోరుకునే వ్యవధితో భాగిస్తే బళ్ళ సంఖ్య వస్తుంది. మీ కాలనీ నుంచి నేరుగా నగరం నడిబొడ్డుకు 90 నిమిషాలు పడుతుందనుకోండి. రానూ పోనూ 180, ఆగడానికి 15, మొత్తం 195 నిమిషాలు. పావుగంటకొక బస్సు కావాలంటే 13 బళ్ళు, వాటికి రెండు షిఫ్టుల సిబ్బంది కావాలి. 600 ఇళ్ళ కాలనీకి 13 బళ్ళు ఏ డిపో ఇవ్వదు. అందువల్ల ఒకటో రెండో బళ్ళు వేసి రోజుకు ఆరు ట్రిప్పులతో సరిపెడతారు. అదే మీ కాలనీ నుంచి దగ్గరలోని రైల్వే స్టేషను వరకో, బస్సులు ఎడతెగకుండా తిరిగే కూడలి వరకో చిన్న రూటు అడిగారనుకోండి, 20 నిమిషాల దారి అయితే రానూ పోనూ 40, ఆగడానికి 5, మొత్తం 45. అదే పావుగంట వ్యవధికి మూడు బళ్ళు చాలు.

ఉత్తరంగాలి గారి అమ్మగారు ఎదురుచూసిన బస్సు ఎందుకు రాలేదో కూడా ఊహించగలను. పొడవాటి రూటులో బస్సు ట్రాఫిక్కులో చిక్కుకుని ఆలస్యమైతే, ఆ ఆలస్యం పూడ్చుకోవడానికో, సిబ్బంది డ్యూటీ సమయం ముగిసిపోతుందనో, బస్సును మధ్యలోనే వెనక్కి తిప్పుతారు. అప్పుడు ప్రతిసారీ నష్టపోయేది రూటు చివరనున్నవారే. ఊరి అంచున ఉన్నవారు పొడవాటి రూటు కోరుకోవడం తమకు తామే చేటు చేసుకోవడమని నా అభిప్రాయం.

వీధిచివరిల్లు

పాతడిపో గారి లెక్క కాదనలేను, కాని బస్సు మారడమంటే ఏమిటో మా నాన్నగారిని అడగాలి. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, చేతిలో మందుల సంచి ఉంటుంది. ఒక బస్సు దిగి, రోడ్డు దాటి, ఇంకో స్టాపులో నిలబడి, జనాన్ని తోసుకుని మళ్ళీ ఎక్కడం ఆయనకు రోజంతటి శ్రమ. మా బస్సు అరగంట ఎక్కువ తీసుకున్నా ఫరవాలేదు, కూర్చున్న సీటులోనే ఆసుపత్రి దగ్గర దిగాలని ఆయన కోరిక. ఇంకో మాట, బస్సు కాలనీలోని ప్రతి వీధిలోకీ రావాలి, ముఖద్వారం దగ్గర నుంచే వెళ్ళిపోతే మా ఇంటి నుంచి అది కూడా దూరమే.

కొలతలపుస్తకం

ఎదురుచూడటం గురించి ఒక లెక్క చెబుతాను, ఎందుకంటే అధికారుల కాగితాల్లో గంటకెన్ని బస్సులన్నదే ఉంటుంది గాని, మనిషి ఎంతసేపు నిలబడ్డాడన్నది ఉండదు. గంటకు నాలుగు బస్సులు సరిగ్గా పావుగంటకొకటి వస్తే, వేళ చూసుకోకుండా స్టాపుకు వచ్చిన మనిషి సగటున ఏడున్నర నిమిషాలు ఆగుతాడు. అవే నాలుగు బస్సులు మూడు సార్లు 5 నిమిషాల తేడాతో, ఒకసారి 45 నిమిషాల తేడాతో వచ్చాయనుకోండి. అప్పుడు సగటు నిరీక్షణ 17 నిమిషాల 30 సెకన్లు. కారణమేమిటంటే, 45 నిమిషాల ఖాళీలో స్టాపుకు వచ్చి చేరేవారే ఎక్కువమంది. కాగితం మీద రెండూ "గంటకు నాలుగు" అనే ఉంటాయి.

బస్సులు జంటలుగా రావడం డ్రైవర్ల తప్పు అనుకుంటారు చాలామంది. ముందు బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే స్టాపులో జనం పెరుగుతారు, వాళ్ళు ఎక్కడానికి ఇంకో నిమిషం పడుతుంది, తరువాతి స్టాపులో ఇంకా ఎక్కువమంది ఉంటారు. వెనుక బస్సుకు జనం తగ్గి అది త్వరత్వరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. రూటు ఎంత పొడవైతే ఈ జబ్బు అంత ముదురుతుంది.

పాతడిపో

కొలతలపుస్తకం గారు చెప్పినది నూటికి నూరుపాళ్ళూ నిజం. అందుకే మధ్యలో ఒకచోట బస్సును ఆపి, టైము చూసి వదిలే పద్ధతి ఉంది. లోపల కూర్చున్నవారు విసుక్కుంటారు గాని, ముందు స్టాపుల్లో ఎదురుచూసేవారికి అదే మేలు.

వీధిచివరిల్లు గారూ, మీ నాన్నగారి కష్టం నాకు తెలియనిది కాదు, నాకూ మోకాళ్ళున్నాయి. అయినా ప్రతి వీధిలోకీ బస్సు అన్న కోరికతో నేను ఏకీభవించలేను. ఇంతకుముందు చెప్పిన 20 నిమిషాల రూటునే తీసుకోండి. నాలుగు వీధులు తిప్పితే అది 25 అవుతుంది. రానూ పోనూ 50, వంకరదారిలో ఆలస్యాలు ఎక్కువ కాబట్టి ఆగడానికి 10, మొత్తం గంట. మూడు బళ్ళతో పావుగంటకొకటి వచ్చేది ఇప్పుడు 20 నిమిషాలకొకటి అవుతుంది, లేదా నాలుగో బండి కావాలి. పైగా 12 మీటర్ల బస్సు ఒక్కసారిగా వెనుదిరగాలంటే 25 మీటర్ల వెడల్పు ఖాళీ చోటు కావాలి. మీ వీధి చివర అంత చోటుందా? లేకపోతే డ్రైవరు రివర్సు చేయాలి, పిల్లలు ఆడుకునే వీధిలో అంత ప్రమాదం ఇంకోటి లేదు.

వీధిచివరిల్లు

మా వీధి చివర పూడ్చని చెరువు గట్టు ఉంది, అక్కడ కారు తిప్పడమే కష్టం. ఆ మాట ఒప్పుకుంటాను. బస్సు మారే విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే.

సాయంత్రపుషిఫ్టు

బస్సు మారడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒకే ప్లాట్‌ఫాం మీద ఎదురెదురుగా రెండు బస్సులు ఆగి, ఒకదాని కోసం ఒకటి రెండు నిమిషాలు ఆగితే, టికెట్టు కూడా ఒకటే అయితే, అది నడవా దాటి పక్క గదిలోకి వెళ్ళినంత సులువు. స్విట్జర్లాండులో 1982 నుంచి రైళ్ళను దేశమంతటా గంటగంటకూ ఒకే నిమిషానికి నడుపుతున్నారు. రైళ్ళు స్టేషనుకు చేరే వేళకు చుట్టుపక్కల ఊళ్ళ బస్సులు వచ్చి నిలబడి ఉంటాయి. అందువల్ల అక్కడివారికి టైంటేబుల్‌తో పెద్దగా పని ఉండదు, తమ స్టాపులో గంటకు ఎన్నో నిమిషానికి బస్సు వస్తుందో అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఉత్తరంగాలి గారి బస్సు వేళలనే తీసుకోండి: 7:10, 9:40 లాంటి పొంతన లేని వేళలకు బదులు, ప్రతి గంటా 10 నిమిషాలకు ఒక బస్సు ఉంటే కాగితంతో పనిలేకుండా అందరికీ నోటికి వస్తుంది.

అసలు నేను రాయాలనుకున్నది చివరి బస్సు గురించి. నా పని రాత్రి 9:00కు ముగుస్తుంది. మా వైపు చివరి బస్సు 8:15కే ఉండేది. సాయంత్రం బస్సు లేదు కాబట్టి నేను ఉదయం కూడా బస్సెక్కలేదు, స్కూటరు తీసుకునేదాన్ని, ఎందుకంటే ఉదయం బస్సులో వెళ్తే రాత్రి తిరిగి రావడానికి స్కూటరు ఉండదు గదా. ఉదయం పూట బస్సులో ఒక సీటు ఖాళీ కావడానికి కారణం రాత్రి లేని బస్సు. మా దగ్గర 9:30కి ఒక ట్రిప్పు వేసినప్పుడు అందులో పదిమందే ఎక్కేవారు, దండగ అన్నారు. ఆ పదిమందీ, వారితో పాటు "ఒకవేళ ఆలస్యమైతే 9:30 బస్సుంది" అన్న ధైర్యంతో ఇంకెందరో ఉదయం బస్సెక్కారు. ఎప్పుడైనా తొందరగా పనైపోతే వారంతా 7:00 గంటల బస్సులోనే వచ్చేసేవారు. చివరి బస్సు విలువను అందులో కూర్చున్న తలలను బట్టి లెక్కించకూడదు.

నడకదారి

ఈ మాట నేను అచ్చు వేయించి గోడకు అంటించాలనుకుంటున్నాను.

మూడోఅంతస్తు

సాయంత్రపుషిఫ్టు గారి మాట ఆలోచింపజేసింది. నేను ముందు రాసినదాంట్లో అద్దెకుండేవారి సంగతి మరచిపోయాను, అది పొరపాటే. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఎక్కేవారు తయారయ్యేదాకా ఖాళీ బస్సు నడిపే ఖర్చు ఎవరు భరించాలి?

దూరప్రయాణం

భూమి భరించాలి. రైలో బస్సో వస్తుందనగానే చుట్టూ ఉన్న స్థలాల ధర పెరుగుతుంది. ఆ పెరిగిన విలువలో కొంత రవాణాకే తిరిగి వస్తే ఖర్చు పూడుతుంది. కోపెన్‌హాగెన్‌లో ఓరెస్టాడ్ అనే కొత్త పేటను ఇలాగే కట్టారు, ప్రభుత్వ భూమి అమ్మగా వచ్చే డబ్బుతో మెట్రో ఖర్చు తీరేలా ఏర్పాటు చేసి, పేటలో ఇంకా ఖాళీ స్థలాలే ఎక్కువగా ఉన్న 2002లోనే మెట్రో నడిపారు. హాంకాంగ్‌లో మెట్రో సంస్థ స్టేషన్ల మీదా పక్కనా ఇళ్ళు, దుకాణాలు కట్టించి ఆ ఆదాయంతో లైన్లు వేసుకుంటుంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో రీజెల్‌ఫెల్డ్ అనే పేటకు జనం చేరడం మొదలైన కొద్దికాలానికే, 1997లో, ట్రాము వచ్చింది. ఇంట్లో దిగిన మొదటి వారంలోనే గుమ్మం దగ్గర ట్రాము కనబడితే కారు కొనాలన్న ఆలోచన చాలామందికి రాదు. ఒకసారి అప్పుచేసి కారు కొన్నాక, ఆ తరువాత ఎంత మంచి బస్సు వేసినా ఆ ఇంటివారిని దించి ఇందులోకి ఎక్కించడం చాలా కష్టం. ఉత్తరంగాలి గారి కాలనీలో ఈ రెండేళ్ళలో ఎన్ని బళ్ళు కొన్నారో అడిగి చూడండి.

ఉత్తరంగాలి

మా వీధిలో 22 ఇళ్ళు. మేము వచ్చినప్పుడు మూడు కార్లుండేవి, ఇప్పుడు 14. అందులో కనీసం నాలుగు, బస్సు లేదన్న విసుగుతో కొన్నవేనని వారే చెప్పారు.

మూడోఅంతస్తు

అవన్నీ డబ్బున్న నగరాలు. వారితో పోలికేమిటి?

దూరప్రయాణం

అయితే కురిచీబా చూడండి. బ్రెజిల్‌లోని ఆ నగరం మెట్రో కట్టే స్తోమత లేక, 1974లో బస్సులకు మాత్రమే ప్రత్యేకించిన దారులు వేసింది. నగరం ఏ దిక్కుల్లో పెరగాలో ముందే నిర్ణయించి, ఆ దారుల వెంబడే ఎత్తయిన భవనాలకు అనుమతులిచ్చింది. ఇళ్ళు బస్సు దారి పక్కకు వచ్చాయి, బస్సు ఇళ్ళను వెతుక్కుంటూ తిరగవలసిన అవసరం తగ్గింది. అక్కడ పెట్టుబడికంటే ముందుచూపు ఎక్కువ.

కొలతలపుస్తకం

మూడోఅంతస్తు గారి ప్రశ్నకు ఇంకో కోణం కూడా ఉంది. హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త 1972లో చూపించినదేమిటంటే, ప్రయాణికులు పెరిగితే బస్సులు పెరుగుతాయి, బస్సులు పెరిగితే పాతవారికి కూడా ఎదురుచూసే సమయం తగ్గుతుంది. రోడ్డు మీదికి కొత్త కారు వస్తే మిగిలినవారి ప్రయాణం నెమ్మదిస్తుంది, బస్సులోకి కొత్త ప్రయాణికుడు వస్తే మిగిలినవారికి మేలు జరుగుతుంది. ప్రజాధనంతో బస్సును ఆదుకోవడానికి ఆయన చెప్పిన కారణం అదే.

నడకదారి

ఇక మా కాలనీలో పనిచేసిన సంగతి చెబుతాను. మాకు బస్సు ఉంది, స్టాపు మా ఇళ్ళ వెనుకే ఉంది, కాని మధ్యలో ప్రహరీ గోడ. మేడ మీద నుంచి చూస్తే స్టాపులో నిలబడినవారి చేతిలోని పుస్తకం రంగు కూడా కనిపించేది, దూరం 200 మీటర్లకు మించదు. ముఖద్వారం మీదుగా చుట్టి వెళ్తే మాత్రం 1.3 కిలోమీటర్లు. ఎవరో గోడలో రెండు ఇటుకలు తీసి కాలు పెట్టేందుకు సందు చేసుకున్నారు, పిల్లలు, పెద్దలు, చీరకట్టులో ఆడవాళ్ళు ఆ గోడ ఎక్కి దూకి బస్సు పట్టుకునేవారు. ఒక పెద్దావిడ కాలు బెణికాక గాని సంఘానికి కదలిక రాలేదు.

ఏడాదిన్నర వాదోపవాదాల తరువాత అక్కడ మనిషి మాత్రమే పట్టేంత ఇనుప గేటు పెట్టారు, ఉదయం 5:30కి తీసి రాత్రి 10:30కి మూస్తారు. ఒక్క కొత్త బస్సు రాలేదు, ఒక్క ట్రిప్పు పెరగలేదు, అయినా మా స్టాపులో ఎక్కేవారు కళ్ళకు కనబడేటట్టు పెరిగారు. ఆ పెరిగిన జనాన్ని చూపించే మేము తరువాత రెండు ట్రిప్పులు అడిగి తెచ్చుకున్నాము. ఉత్తరంగాలి గారూ, మీ 1.8 కిలోమీటర్లలో గోడల వల్ల పెరిగిన దూరమెంతో ముందు చూడండి.

మూడోఅంతస్తు

గేటు తీస్తే దొంగల భయం ఉండదా? మా సంఘంలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ మాటతోనే ఆగిపోతుంది.

నడకదారి

మాకూ అదే భయం చెప్పారు. గేటు దగ్గర ఒక దీపం పెట్టాము, రోజంతా మనుషులు నడిచే దారి కాబట్టి అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరి కన్ను ఉంటుంది. గోడ వెనుక చీకటి సందు ఉన్నప్పుడే మాకు ఎక్కువ భయం వేసేది.

కొలతలపుస్తకం

వీధులన్నీ గళ్ళుగళ్ళుగా కలిసి ఉన్న చోట కూడా, స్టాపు చుట్టూ 400 మీటర్ల వృత్తం గీస్తే, నిజంగా 400 మీటర్ల నడకలో చేరగలిగేది అందులో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువే. ఒకే ద్వారం, లోపలన్నీ మూసుకుపోయిన వీధులు ఉన్న కాలనీల్లో అది ఇంకా ఎంతో తగ్గిపోతుంది. పటం మీద వృత్తం గీసి "అందరికీ స్టాపు అందుబాటులో ఉంది" అని చెబితే నమ్మకండి, కాళ్ళతో కొలవండి.

ఉత్తరంగాలి

నిన్న కాళ్ళతోనే కొలిచాను. మా కాలనీకి, పెద్ద రోడ్డుకు మధ్య ఒక ఖాళీ లేఅవుటు ఉంది, దానికి రెండు వైపులా గోడలు. అవి లేకపోతే పెద్ద రోడ్డు 700 మీటర్లే. లేఅవుటు యజమానుల సంఘంతో మాట్లాడితే, దారి ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు, దీపాలు మాత్రం మేమే పెట్టుకోవాలట. ఇంత దగ్గర దారి రెండేళ్ళుగా కళ్ళ ముందున్నా ఎవరమూ అడగలేదు.

పాతడిపో గారూ, చిన్న రూటు అడగాలంటే అర్జీ ఎలా రాయాలి? కిందటిసారి 300 సంతకాలు పెట్టి ఇచ్చాము.

పాతడిపో

సంతకాలు వద్దనను, కాని సంతకం బస్సెక్కదు గదా, అందువల్ల డిపోలో దానికి విలువ తక్కువ. రెండు పనిరోజులు ఉదయం 6:30 నుంచి 9:30 దాకా కాలనీ ముఖద్వారం దగ్గర ఇద్దరు కూర్చుని లెక్క రాయండి. ప్రతి పావుగంటకూ ఎంతమంది నడిచి వెళ్ళారు, ఎంతమంది షేర్ ఆటో ఎక్కారు, ఎంతమంది బళ్ళ మీద ఒంటరిగా వెళ్ళారు అన్నది విడివిడిగా ఉండాలి. షేర్ ఆటోల గడి చాలా ముఖ్యం, డబ్బిచ్చి వెళ్ళేవారు ఉన్నారనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. సాయంత్రం 5:30 నుంచి 9:30 దాకా ఇదే లెక్క పెద్ద రోడ్డు స్టాపు దగ్గర కూడా రాయండి, చివరి బస్సు వాదన దానితోనే నిలబడుతుంది.

అర్జీలో "ట్రిప్పులు పెంచండి" అని రాయవద్దు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిలో, ఎన్ని నిమిషాలు, బస్సు ఎక్కడ తిరుగుతుంది, డ్రైవరు, కండక్టరు ఎక్కడ కాసేపు కూర్చుని నీళ్ళు తాగుతారు, మరుగుదొడ్డి ఎక్కడుంది అన్నవి రాయండి. చివరి రెండూ ఎవరూ రాయరు. చీకట్లో స్తంభం పక్కన బస్సు ఆపుకుని పది నిమిషాలు గడపాలంటే సిబ్బందికి కష్టం, మహిళా కండక్టర్లకు మరీ కష్టం. మీ సంఘం గదిలో వారికి మరుగుదొడ్డి వాడుకునే వీలు ఇస్తే మీ రూటు డ్యూటీ వేయించుకోవడానికి సిబ్బందే ముందుకు వస్తారు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. మరో మాట, ఆరు నెలల గడువు అడగండి. కొత్త రూటును రెండు నెలల్లో తూచి తీసేస్తే, జనానికి అది ఉందని తెలిసేలోపే పోతుంది.

వీధిచివరిల్లు

ఆసుపత్రికి నేరుగా వెళ్ళే పాత బస్సును కూడా రోజుకు రెండు ట్రిప్పులైనా ఉంచమని ఆ అర్జీలోనే రాయగలరా? ఉదయం ఒకటి వెళ్ళడానికి, మధ్యాహ్నం ఒకటి రావడానికి. మిగిలినదంతా చిన్న రూటుకు వదిలేయడానికి నాకు అభ్యంతరం లేదు.

పాతడిపో

అది న్యాయమైన కోరిక. రద్దీ తగ్గిన 10:00 గంటల వేళకు అడగండి, అప్పుడు బళ్ళు డిపోలో ఖాళీగా ఉంటాయి, ఇవ్వడం వారికీ సులువు.

ఉత్తరంగాలి

మంగళవారం, గురువారం లెక్క రాయాలని నిన్న రాత్రి నిర్ణయించుకున్నాము. ఉదయానికి నేనూ మా ఎదురింటి అమ్మాయీ కూర్చుంటాము, గడులు గీసిన నోటుపుస్తకం సిద్ధంగా ఉంది. సంఘం గది తాళం ఒకటి సిబ్బందికి ఇవ్వడానికి అధ్యక్షులు ఒప్పుకున్నారు. గోడ దగ్గర దీపాలకు చందా ఆదివారం మొదలుపెడతాము. పెద్ద రోడ్డు స్టాపు దగ్గర సాయంత్రం లెక్కకే ఇంకా మనుషులు దొరకలేదు.

సాయంత్రపుషిఫ్టు

మంగళవారం నాకు సెలవు. మా ఇంటి నుంచి ఆ పెద్ద రోడ్డు మీదికి నేరుగా బస్సుందంటే మీ స్టాపు ఎక్కడో గుర్తు చెప్పండి, 5:15కల్లా వచ్చి 9:30 దాకా కూర్చుంటాను.